హారన్ స్పీకర్లకు పాసివ్ క్రాసోవర్ తయారీ: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఇంటి కోసం హారన్ స్పీకర్లు కట్టుకునేవారు, మూతపడిన సినిమా హాళ్ల నుంచి బయటికొచ్చిన పాత యూనిట్లను కొని తెచ్చుకునేవారు, ఫంక్షన్ హాళ్లకు బాక్సులు చేసి ఇచ్చేవారు కొన్నేళ్లుగా నన్ను అడుగుతున్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. క్రాసోవర్ అంటే శబ్దాన్ని కింది, పై పౌనఃపున్యాలుగా విడదీసి, కిందివాటిని వూఫర్‌కూ పైవాటిని హారన్‌కూ పంపే సర్క్యూట్; కాయిళ్లు, కండెన్సర్లు, రెసిస్టర్లతో మాత్రమే కడితే దాన్ని పాసివ్ అంటారు. లెక్కలన్నీ ఒకే ఉదాహరణ మీద నడుస్తాయి. 8 ఓంల 15 అంగుళాల వూఫర్ ఒకటి, దాని సున్నితత్వం 1 వాటుకు 1 మీటరు దూరంలో 97 డెసిబెల్స్. దానిపైన 30 సెంటీమీటర్ల వెడల్పు నోరు ఉన్న 90 డిగ్రీల హారన్, దాని వెనుక 107 డెసిబెల్స్ ఇచ్చే 1 అంగుళం కంప్రెషన్ డ్రైవర్. మన బజారులో ఈ డ్రైవర్‌ను యూనిట్ అనే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను.

మామూలు ట్వీటర్‌కు వాడే క్రాసోవర్‌నే హారన్‌కూ వాడకూడదా?

వాడకూడదు. కొమ్ముబూర ఊదేవాడి పెదవుల చిన్న అదురును ఊరంతటికీ వినిపించేలా చేస్తుంది. హారన్ కూడా యూనిట్ లోపల అదిరే పొరకు, అంటే చిన్న డయాఫ్రమ్‌కు ఎదురుగా గాలి బరువును సరిగ్గా అమర్చి, దాని కదలికలో ఎక్కువ భాగాన్ని శబ్దంగా మారుస్తుంది. ఈ మేలు వెంటే నాలుగు చిక్కులు వస్తాయి. యూనిట్ వూఫర్ కన్నా పది డెసిబెల్స్ ఎక్కువ మోగుతుంది. దాని ఇంపీడెన్స్, అంటే ఏసీ విద్యుత్తుకు అది ఇచ్చే అడ్డు, ఎక్కడా నిలకడగా ఉండదు. డయాఫ్రమ్ హారన్ లోతంతా దాటి వెనుక ఎక్కడో కూర్చుని ఉంటుంది. హారన్ తన హద్దు కన్నా కింది పౌనఃపున్యాల దగ్గర డయాఫ్రమ్‌కు ఏ ఆసరా ఇవ్వకుండా వదిలేస్తుంది. మామూలు ట్వీటర్ క్రాసోవర్ ఈ నాలుగింటిలో ఒక్కదాన్ని కూడా లెక్కలోకి తీసుకోదు.

ఏ పౌనఃపున్యం దగ్గర విడదీయాలి?

దీనికి మూడు వైపుల నుంచి జవాబు వెతకాలి, మూడూ కలిసే చోట ఆగాలి.

మొదటిది యూనిట్ భద్రత. హారన్ భారం బాగా ఉన్నంత మేర, అదే శబ్దం రావాలంటే ఒక్క ఆక్టేవ్, అంటే మన సంగీతంలో ఒక స్థాయి, కిందికి దిగినప్పుడల్లా డయాఫ్రమ్ రెండింతలు కదలాలి. హారన్ కటాఫ్, అంటే హారన్ భారం ఇవ్వగలిగే కింది హద్దు, దాటి ఇంకా కిందికి పోతే భారం తొలగిపోయి డయాఫ్రమ్ అదుపు తప్పుతుంది. అందుకే కటాఫ్‌కు కనీసం ఒకటిన్నర రెట్ల పైన విడదీయడం పాత అలవాటు. 1 అంగుళం యూనిట్లు చాలావరకు 1200 నుంచి 2000 హెర్ట్జ్ మధ్యన హాయిగా పనిచేస్తాయి. 4 అంగుళాల డయాఫ్రమ్, 2 అంగుళాల గొంతు (హారన్‌లోకి శబ్దం వెళ్లే రంధ్రం) ఉన్న పెద్ద యూనిట్లు తగిన హారన్ దొరికితే 500 నుంచి 800 హెర్ట్జ్ దాకా దిగుతాయి. ఆల్టెక్ కంపెనీ వాయిస్ ఆఫ్ ది థియేటర్ వరుసలోని ఏ7 స్పీకర్‌ను 500, 800 హెర్ట్జ్ క్రాసోవర్లతో అమ్మింది.

రెండవది హారన్ నోటి కొలత. శబ్దాన్ని ఒక కోణంలో పట్టి ఉంచాలంటే నోరు తరంగదైర్ఘ్యంతో పోల్చదగినంత పెద్దదిగా ఉండాలి. హారన్ల ఇంజనీరు డాన్ కీల్ ఇచ్చిన ఉజ్జాయింపు సూత్రం చాలా ఉపయోగపడుతుంది. సుమారు 25,000ను డిగ్రీలలోని కోణంతోనూ, మీటర్లలోని నోటి కొలతతోనూ భాగిస్తే, హారన్ ఆ కోణాన్ని ఏ హెర్ట్జ్ వరకు నిలబెట్టగలదో తెలుస్తుంది. మన 30 సెంటీమీటర్ల నోరు 90 డిగ్రీలను దాదాపు 930 హెర్ట్జ్ దాకా నిలబెడుతుంది. అదే హారన్ ఎత్తు 15 సెంటీమీటర్లు, నిలువు కోణం 40 డిగ్రీలు అయితే, ఆ నిలువు కోణం 4000 హెర్ట్జ్ పైనే నిజమవుతుంది. దాని కింద శబ్దం పైకప్పు మీదికీ, నేల మీదికీ పారుతుంది. పలకల నేల, కాంక్రీటు కప్పు ఉన్న మన ఇళ్లలో ఇది చెవికి తెలుస్తుంది. వెడల్పుగా, పొట్టిగా ఉన్న హారన్లు చూడటానికి ఎంత అందంగా ఉన్నా, ఇంటికి చతురస్రానికి దగ్గరగా ఉన్న నోటినే నేను ఎంచుకుంటాను.

మూడవది వూఫర్ కోణం. 15 అంగుళాల కోన్ తక్కువ పౌనఃపున్యాల దగ్గర అన్ని వైపులా వెదజల్లుతుంది, పైకి వెళ్లేకొద్దీ దాని కోణం ఇరుకవుతూ 1000 నుంచి 1100 హెర్ట్జ్ దగ్గర సుమారు 90 డిగ్రీలకు చేరుతుంది. 90 డిగ్రీల హారన్‌కు దాన్ని అప్పగించాల్సిన చోటు అదే. రెండూ ఒకే కోణంలో కలిస్తే గదిలో ఏ మూల కూర్చున్నా గొంతు ఒక్కలాగే వినిపిస్తుంది. అదే వూఫర్‌ను 2500 హెర్ట్జ్ దాకా నడిపితే ఎదురుగా కూర్చున్నవారికి బాగుంటుంది, పక్కన కూర్చున్నవారికి మధ్యలో గొయ్యి పడుతుంది. ఇవన్నీ కలిపి చూసుకుని మన ఉదాహరణకు 1200 హెర్ట్జ్ అనుకుందాం.

సూత్రంలో 8 ఓంలు వేసి కాయిల్, కండెన్సర్ లెక్క కడితే సరిపోదా?

అందరూ పొరపాటు పడే చోటు ఇదే కాబట్టి దీని గురించి వివరంగా రాస్తాను. సూత్రం తప్పు కాదు. 1200 హెర్ట్జ్ దగ్గర 8 ఓంల రెండో ఆర్డర్ (ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్ తగ్గించే) లింక్విట్జ్-రైలీ రకం ఫిల్టర్‌కు 8.3 మైక్రోఫారడ్ల కండెన్సర్, 2.1 మిల్లీహెన్రీల కాయిల్ కావాలని అది చెబుతుంది. దాని ఎదురుగా నిజంగా 8 ఓంల రెసిస్టర్ ఉంటే ఆ ఫిల్టర్ గీత గీసినట్టు పనిచేస్తుంది. యూనిట్ మాత్రం రెసిస్టర్ కాదు. లేబుల్ మీద 8 ఓంలు అని ఉన్న యూనిట్‌ను హారన్‌కు బిగించి కొలిస్తే ఒక చోట 7, డయాఫ్రమ్ అనునాదం దగ్గర 30, ఆ పైన హారన్ ప్రతిధ్వనుల వల్ల అలలు అలలుగా ఎక్కుతూ దిగుతూ ఉండటం మామూలే. అదే యూనిట్‌ను మరో హారన్‌కు మారిస్తే ఆ గీత మొత్తం మారిపోతుంది. ఫిల్టర్ పనిచేయాల్సిన 1200 హెర్ట్జ్ పరిసరాల్లోనే ఈ ఎగుడుదిగుళ్లు ఎక్కువగా ఉంటాయి. దాంతో 8 ఓంలకు కట్టిన ఫిల్టర్ అక్కడ ఒక బొడిపెను తయారుచేసి, ఆడవారి గొంతుకు గరుకుతనం తెచ్చిపెడుతుంది.

వూఫర్ వైపు చిక్కు వేరు రకం. వాయిస్ కాయిల్ స్వయంగా ఒక కాయిల్ కాబట్టి పౌనఃపున్యంతో పాటు దాని ఇంపీడెన్స్ పెరుగుతూ పోతుంది. మల్టీమీటరుతో 6 ఓంలు, కాయిల్, కండెన్సర్ విలువలు కొలిచే ఎల్‌సీఆర్ మీటరుతో 1 మిల్లీహెన్రీ చూపే వూఫర్ 1200 హెర్ట్జ్ దగ్గర దాదాపు 9.6 ఓంలుగా ప్రవర్తిస్తుంది. దీనికి మందు తేలిక. వూఫర్ తీగల మధ్య 7.5 ఓంల రెసిస్టర్‌నూ, 18 మైక్రోఫారడ్ల కండెన్సర్‌నూ ఒకదాని వెంట ఒకటి కలిపి అడ్డంగా పెడితే ఆ పెరుగుదల చదునవుతుంది. దీన్ని జోబెల్ అంటారు. రెసిస్టర్ విలువ డీసీ నిరోధానికి ఒకటింపావు రెట్లు ఉండాలి, కాయిల్ విలువను ఆ రెసిస్టర్ వర్గంతో భాగిస్తే కండెన్సర్ విలువ వస్తుంది.

యూనిట్ వైపు మందు మరింత బాగుంటుంది, ఎందుకంటే దాని శబ్దాన్ని తగ్గించడానికి ఎలాగూ పెట్టాల్సిన రెసిస్టర్లే ఈ జబ్బునూ నయం చేస్తాయి.

హారన్ చెవులు చీల్చేలా మోగుతోంది. ఎంత తగ్గించాలి, ఎలా తగ్గించాలి?

107లోంచి 97 తీసేస్తే 10 డెసిబెల్స్. యూనిట్ ముందు ఒక రెసిస్టర్ వరుసగానూ, యూనిట్ తీగల మధ్య ఒక రెసిస్టర్ అడ్డంగానూ పెట్టే అమరికను ఎల్-ప్యాడ్ అంటారు. 8 ఓంలకు 10 డెసిబెల్స్ తగ్గాలంటే లెక్క ప్రకారం 5.47, 3.7 ఓంలు రావాలి. బజారులో దొరికే 5.6, 3.9 ఓంల సిమెంటు రెసిస్టర్లు పెడితే తేడా చెవికి తెలియదు.

ఇప్పుడు ఆ పాత ఎగుడుదిగుళ్లను మళ్లీ చూద్దాం. యూనిట్ 7 ఓంలు ఉన్నప్పుడు దాని పక్కన 3.9 ఓంలు చేరి 2.5 అవుతుంది, దానికి 5.6 కలిపితే 8.1. యూనిట్ 30 ఓంలకు ఎక్కినప్పుడు అదే లెక్క 9.05 ఇస్తుంది. నాలుగింతలకు పైగా ఊగిన ఇంపీడెన్స్ ఫిల్టర్ కంటికి 8.1 నుంచి 9.05 మధ్యన నిలబడిపోయింది. సూత్రం అడిగిన 8 ఓంలు లేబుల్ మీద దొరకవు, వాటిని మనమే ఇలా తయారుచేసుకోవాలి. ఈ మేలు దక్కాలంటే ఎల్-ప్యాడ్ తప్పకుండా ఫిల్టర్ తర్వాత, యూనిట్‌కు ఆనుకుని ఉండాలి. ఆంప్లిఫయర్ వైపు పెడితే శబ్దం తగ్గుతుంది కానీ ఫిల్టర్ అవస్థ అలాగే ఉంటుంది.

మూల్యం వేడి రూపంలో చెల్లిస్తాం. హారన్ వైపు వెళ్లే శక్తిలో 68 శాతం వరుస రెసిస్టర్‌లో, 21 శాతం అడ్డ రెసిస్టర్‌లో కరిగిపోతుంది, యూనిట్‌కు అందేది పదోవంతు మాత్రమే. యూనిట్‌కు ఆ పదోవంతే చాలు. ఇంటికి 10 వాట్ల రెసిస్టర్లు సరిపోతాయి. ఫంక్షన్ హాలుకైతే 5.6 ఓంల చోట 11 ఓంల దగ్గరి విలువ ఉన్నవి రెండు సమాంతరంగా కలిపి, బోర్డుకు ఆనకుండా వేలెడు ఎత్తులో బిగించండి, లేకపోతే ఎండాకాలంలో బోర్డు నల్లబడుతుంది.

ఈ నష్టం ఇష్టం లేనివారు ఆటోట్రాన్స్‌ఫార్మర్ వాడతారు, అది మధ్యలో తీగలు తీసిన ఒకే చుట్టతో ఓల్టేజీని తగ్గిస్తుంది. క్లిప్ష్ కంపెనీ తన పాత హారన్ స్పీకర్లలో దాన్నే వాడింది. అది 10 డెసిబెల్స్ తగ్గించినప్పుడు 8 ఓంల యూనిట్ ఆంప్లిఫయర్ వైపు నుంచి 80 ఓంలుగా కనిపిస్తుంది. దానికి సమాంతరంగా 9 ఓంల రెసిస్టర్ పెడితే మళ్లీ నిలకడైన 8 ఓంలు దొరుకుతాయి, కానీ దానితో పాటు వేడి నష్టం కూడా తిరిగి వస్తుంది. పని చక్కగా చేస్తుంది కానీ మంచి కోర్ మీద చుట్టినది ఇక్కడ సులువుగా దొరకదు.

ఏ ఆర్డర్ ఫిల్టర్ మంచిది?

మొదటి ఆర్డర్ వద్దు. 16.6 మైక్రోఫారడ్ల కండెన్సర్ ఒక్కటే పెట్టి వదిలేస్తే ఆక్టేవ్‌కు 6 డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది, కానీ ఆక్టేవ్‌కు డయాఫ్రమ్ కదలిక అంతే మేర పెరుగుతూ పోతుంది. ఒకదాన్ని మరొకటి కొట్టేసుకుని, కింది పౌనఃపున్యాల దగ్గర డయాఫ్రమ్‌కు ఊరట ఏమీ మిగలదు. రెండో ఆర్డర్ ఇంటి వాడకానికి చాలు. గట్టిగా మోగించే చోట నేను మూడో ఆర్డర్ (ఆక్టేవ్‌కు 18 డెసిబెల్స్) బటర్‌వర్త్ రకం ఫిల్టర్ కడతాను. 1200 హెర్ట్జ్‌కు వరుసగా 11 మైక్రోఫారడ్లు, అడ్డంగా 0.8 మిల్లీహెన్రీ, మళ్లీ వరుసగా 33 మైక్రోఫారడ్లు పడతాయి.

హారన్ తన కటాఫ్ వైపు దిగుతూ తానే శబ్దాన్ని తగ్గించుకుంటూ పోతుంది. ఆ సహజమైన దిగుడు, మీరు కట్టిన ఫిల్టర్ దిగుడు కలిసి వచ్చేదే అసలు క్రాసోవర్. కాగితం మీద రెండో ఆర్డర్ కట్టినా మైకు ముందు మూడో ఆర్డరో, నాలుగో ఆర్డరో కనిపించవచ్చు. సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్, రస్ రైలీల పేర్లతో 1976 నుంచి ప్రసిద్ధమైన పద్ధతి కూడా స్పీకర్ నుంచి వెలువడే శబ్దానికే వర్తిస్తుంది, తీగల చివర కనిపించే ఓల్టేజీకి కాదు.

కొత్త రకం హారన్‌లో తాళాల మెరుపు తగ్గిపోతోంది. లోపం యూనిట్‌దా?

లోపం ఎవరిదీ కాదు. కంప్రెషన్ డ్రైవర్ డయాఫ్రమ్ బరువు వల్ల దాని శక్తి సుమారు 3500 హెర్ట్జ్ నుంచి పైకి ఆక్టేవ్‌కు 6 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. పాత ఎక్స్‌పొనెన్షియల్ హారన్లు పైకి వెళ్లేకొద్దీ శబ్దాన్ని ఇరుకు కోణంలోకి కూడగట్టేవి కాబట్టి ఎదురుగా నిలబడినవారికి ఆ తరుగు కనిపించేది కాదు. 1970ల నడుమ ఎలక్ట్రో-వాయిస్‌లో డాన్ కీల్ చేసిన పనితో స్థిరకోణ హారన్లు వాడుకలోకి వచ్చాయి. ఇవి అన్ని పౌనఃపున్యాలనూ ఒకే కోణంలో పంచుతాయి, అందుకే దాగిన తరుగు బయటపడింది. దాన్ని క్రాసోవర్‌లోనే తీర్చాలి.

మన ఎల్-ప్యాడ్‌లోని 5.6 ఓంల రెసిస్టర్‌కు సమాంతరంగా 6 మైక్రోఫారడ్ల కండెన్సర్, దానితో వరుసగా 2.2 ఓంల రెసిస్టర్ పెడితే, 3400 హెర్ట్జ్ దగ్గర మొదలై పైన 6 డెసిబెల్స్‌కు కొంచెం తక్కువగా పెంపు వస్తుంది. ఆ 2.2 ఓంలను తీసేసి ఒట్టి కండెన్సర్ పెడితే పెంపు ఎక్కువ వస్తుందని కొందరు అంటారు, నిజమే. కానీ అప్పుడు పై పౌనఃపున్యాల దగ్గర ఆంప్లిఫయర్‌కు 2.6 ఓంల భారం కనిపిస్తుంది. చిన్న రెసిస్టర్ ఉంటే అది 4.2 దగ్గర ఆగుతుంది. ఆ రెసిస్టర్‌ను వదులుకోవద్దని నా గట్టి సలహా.

హారన్ లోతు వల్ల శబ్దం ఆలస్యంగా వస్తుందంటారు. నిజంగా వినిపిస్తుందా?

వినిపిస్తుంది. 1930ల నడుమ హాలీవుడ్ సినిమా సంస్థ ఎం.జి.ఎం. స్టూడియోలో, అప్పటి పొడవాటి హారన్ల స్పీకర్లలో నర్తకి బూటు చప్పుడు ఒక్కటి రెండుగా వినిపించడంతో డగ్లస్ షియరర్, జాన్ హిలియర్డ్ బృందం పూనుకుని, దారుల తేడా తగ్గించిన కొత్త సినిమా స్పీకర్‌ను తయారుచేసింది. షియరర్ హారన్ అని పేరు పడింది అదే.

ఇంట్లో తేడా అంత పెద్దది కాదు కానీ క్రాసోవర్ దగ్గర మాత్రం లెక్కకు వస్తుంది. 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది, 1200 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 29 సెంటీమీటర్లు. యూనిట్ డయాఫ్రమ్ వూఫర్ కన్నా 29 సెంటీమీటర్లు వెనుక ఉంటే హారన్ శబ్దం ఒక పూర్తి చుట్టు వెనుకబడి వస్తుంది. విడదీసిన ఆ ఒక్క పౌనఃపున్యం దగ్గర రెండూ పొందికగా కలిసినట్టే కనిపిస్తాయి, కొంచెం అటూ ఇటూ జరిగితే కొట్టుకుంటాయి. ఒక స్వరం నిలిపి పాడితే బాగున్నట్టుండి, మృదంగం దెబ్బ మాత్రం చెదిరినట్టు అనిపించడానికి కారణం ఇదే.

పాసివ్ భాగాలతో దాదాపు ఒక మిల్లీసెకను ఆలస్యాన్ని వూఫర్ వైపు తయారుచేయాలంటే బోర్డు నిండా కాయిళ్లు పరచాలి, నేను ఎవరికీ సూచించను. హారన్‌ను బాక్సులో పాతేయకుండా పైన విడిగా పెట్టి, ముందుకు జరపగలిగేలా ఉంచుకోండి. వూఫర్ లో-పాస్ ఫిల్టర్ (కింది పౌనఃపున్యాలను మాత్రమే వదిలేది) కూడా కొంత ఆలస్యం కలుపుతుంది, అది మనకు అనుకూలంగా పనిచేస్తుంది. తక్కువ లోతున్న హారన్ ఎంచుకోవడం అన్నిటికన్నా సులువైన దారి.

యూనిట్ తీగలు సరిగా కలపాలా, తిప్పి కలపాలా?

పుస్తకం రెండో ఆర్డర్‌కు తిప్పి కలపమంటుంది. పైన చెప్పిన లోతు వల్ల హారన్ల విషయంలో ఆ మాటను నమ్మడానికి లేదు. పరీక్ష తేలిక. సరిగ్గా 1200 హెర్ట్జ్ స్వరాన్ని మెల్లగా మోగించి, వినే చోట మైకు పెట్టి, యూనిట్ తీగలను ఒకసారి ఒకలా, ఒకసారి మరోలా కలపండి. ఒక తీరులో శబ్దం గొయ్యిలో పడినట్టు పడిపోవాలి. హారన్‌ను వేలెడు చొప్పున ముందుకు వెనక్కి జరుపుతూ ఆ గొయ్యి ఎక్కడ అతి లోతుగా పడుతుందో గుర్తుపెట్టి, అక్కడే బిగించి, తీగలను రెండో తీరుకు మార్చేయండి. పొరపాటున పూర్తి చుట్టు తేడా దగ్గర ఆగకుండా, 800 దగ్గరా 1700 దగ్గరా కూడా రెండూ కలిసే మోగుతున్నాయో లేదో చూసుకోవాలి.

కాయిళ్లు ఎక్కడ దొరుకుతాయి? చుట్టించుకోవచ్చా?

కోఠి గుజరాతీ గల్లీలో చిన్న విలువల కాయిళ్లు దొరుకుతాయి కానీ చాలావరకు సన్న తీగవి. నేను మోటారు వైండింగ్ షాపులో చుట్టిస్తాను. 2.1 మిల్లీహెన్రీలకు 40 మిల్లీమీటర్ల వ్యాసం, 20 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న చెక్క బాబిన్ మీద 18 గేజి ఎనామెల్ రాగి తీగను సుమారు 205 చుట్లు చుట్టాలి. చుట్టుమందం కూడా 20 మిల్లీమీటర్లు వస్తుంది. తీగ 38 మీటర్లు, బరువు దాదాపు 400 గ్రాములు, నిరోధం 0.57 ఓం. వూఫర్ శబ్దంలో 0.6 డెసిబెల్ పోతుంది, అది ఫరవాలేదు. షాపులో తీగను తూకానికే అమ్ముతారు కాబట్టి బరువు ముందే చెబితే పని సులువవుతుంది. నేను వెళ్లే షాపులోని పెద్దాయన మొదటిసారి బాబిన్ చేతిలోకి తీసుకుని, "ఇది ఏ మోటారుది సార్, లోపల ఇనుమే లేదు!" అని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇప్పుడు నేను లోపలికి అడుగుపెట్టగానే చుట్లు ఎన్నో మాత్రం అడుగుతాడు. పది చుట్లు ఎక్కువే వేయించుకుని, ఇంట్లో మీటరు పెట్టి ఒక్కొక్క చుట్టు విప్పుకుంటూ విలువకు తెచ్చుకోండి. బోర్డు మీద రెండు కాయిళ్లను పక్కపక్కన ఒకే దిశలో పెట్టకుండా ఒకటి పడుకోబెట్టి, ఒకటి నిలబెట్టండి.

కండెన్సర్లకు ఖరీదైన విదేశీ బ్రాండ్లే కావాలా?

అక్కర్లేదు. మన సీలింగ్ ఫ్యాన్లలో ఉండే 2.5, 3.15 మైక్రోఫారడ్ల 440 ఓల్టుల కండెన్సర్లు పాలీప్రొపిలీన్ ఫిల్మ్‌తో చేసినవే. కూలర్లకూ, నీళ్ల మోటార్లకూ ఇదే రకంలో 4, 6, 8, 10 మైక్రోఫారడ్లు ఏ ఎలక్ట్రికల్ షాపులో అయినా దొరుకుతాయి. 8.3కి 8 సరిపోతుంది, పట్టింపు ఉంటే పక్కన 0.33 చేర్చుకోండి. మీటరు తీసుకెళ్లి ఎడమ, కుడి స్పీకర్లకు ఒకే విలువ చూపేవి ఏరుకోవడం బ్రాండ్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. అయితే మోటారు స్టార్ట్ కండెన్సర్లను మాత్రం ముట్టుకోవద్దు, అవి ఎలక్ట్రోలైటిక్ రకం, క్షణకాలం పనికే పుట్టినవి.

ఎలక్ట్రోలైటిక్ అంటే గుర్తొచ్చింది. నగర శివారులో ఒక ఫంక్షన్ హాలులో రేకుల కప్పు కింద వేలాడదీసిన స్పీకర్లలో పురోహితుడి మాట స్పష్టంగా రావడం లేదని పిలిచారు. అంతకుముందే ఎవరో యూనిట్లు బలహీనపడ్డాయని చెప్పి రెండుసార్లు మార్పించారట. బోర్డు దింపి చూస్తే 10 మైక్రోఫారడ్లు అని రాసి ఉన్న బైపోలార్ కండెన్సర్ మీటరు మీద 6 చూపించింది, కింది రబ్బరు ఉబ్బి ఉంది. ఎన్నో ఎండాకాలాలు ఆ రేకుల వేడికి అది లోపల ఎండిపోయి, హారన్ మొదలయ్యే చోటు పైకి జరిగిపోయింది. వూఫర్ ఆగిన చోటికీ హారన్ అందుకున్న చోటికీ మధ్యలో మాటల్లోని హల్లులు పడిపోతున్నాయి. ఫిల్మ్ కండెన్సర్లు వేసిన గంటలోనే, పాత యూనిట్లతోనే ఆ మాట తేటగా వచ్చింది.

రెడీమేడ్ క్రాసోవర్ ప్లేట్లు కొనవచ్చా?

విడిభాగాల కోసమైతే కొనవచ్చు. మీ యూనిట్, మీ హారన్, మీ వూఫర్ ఏవో ఆ ప్లేటు చేసినవారికి తెలియదు.

మసీదుల మీద, గుళ్ల మీద, జీపుల మీద కనిపించే గొట్టం హారన్లకు ఈ లెక్కలు పనికొస్తాయా?

పనికిరావు. అవి మాట దూరం వినిపించడానికి చేసిన మడత హారన్లు, చాలావాటి లోపల 100 ఓల్టుల లైనుకు ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. వాటికి వరుసగా ఒక కండెన్సర్ పెట్టి కింది పౌనఃపున్యాలు ఆపడం వరకే చాలు.

కొలతలు లేకుండా చెవితో కుదుర్చుకోవచ్చా? అపార్ట్‌మెంట్‌లో కొలవడం ఎలా?

చివరి అరడెసిబెల్ చెవితోనే కుదరాలి, ఆ ముందున్నదంతా కొలతతో జరగాలి. కొలత మైకు ఒకటి, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ (కొలతకు), విటుయిక్స్‌క్యాడ్ (క్రాసోవర్ లెక్కకు) సాఫ్ట్‌వేర్లు ఉంటే చాలు. గదిలో నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో స్పీకర్‌నూ, దానికి 1 మీటరు ఎదురుగా మైకునూ పెడితే, నేల మీద తగిలి వచ్చే శబ్దం నేరుగా వచ్చే దానికన్నా 2.16 మీటర్లు ఎక్కువ నడుస్తుంది, అంటే 6 మిల్లీసెకన్లు వెనుకబడుతుంది. పది అడుగుల కప్పు ఉన్న గదిలో పైనుంచి వచ్చేదీ ఇంచుమించు అంతే. గోడలు అంతకన్నా దూరంగా ఉండేలా చూసుకుని, ఆ 6 మిల్లీసెకన్ల కిటికీలో వచ్చినదాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే 1200 హెర్ట్జ్ పరిసరాలు శుభ్రంగా కనిపిస్తాయి. పొద్దున్నే ట్రాఫిక్ మొదలుకాకముందు మేడ మీద కొలిస్తే ఇంకా మంచిది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్‌ను నిషేధిస్తాయి, నివాస ప్రాంతంలో పగటి హద్దు 55 డెసిబెల్స్. ఆరు దాటాకే మొదలుపెట్టి, ఎదురింటివారికి ముందుగా ఒక మాట చెప్పండి.

ఇంపీడెన్స్ కొలతకు యూనిట్‌తో వరుసగా 10 ఓంల రెసిస్టర్ కలిపి, యూనిట్ మీది ఓల్టేజీని రెసిస్టర్ మీది ఓల్టేజీతో భాగించి పదితో గుణిస్తే చాలు. చవక మల్టీమీటర్ల ఏసీ కొలత కొన్ని వందల హెర్ట్జ్ దాటాక తప్పు చెబుతుంది, కాబట్టి సౌండ్ కార్డుతో కొలవడమే మేలు. ఒక్క జాగ్రత్త మాత్రం మరవద్దు. హారన్ బిగించకుండా యూనిట్‌ను ఎప్పుడూ మోగించవద్దు, స్వీప్‌ను, అంటే కింది నుంచి పైకి ఎక్కే పరీక్షా స్వరాన్ని, 20 హెర్ట్జ్ నుంచి కాక 300 నుంచి మొదలుపెట్టండి, వరుసగా 47 మైక్రోఫారడ్ల కండెన్సర్ ఉంచి శబ్ద కొలతలు తీయండి. ఈ మూడూ మరిచిన ఒక సాయంత్రం నా చేతిలోనే ఒక టైటేనియం డయాఫ్రమ్ చిట్లిపోయింది. కంటికి కనిపించని వెంట్రుకంత బీట, కానీ ఆ తర్వాత ప్రతి "స" అక్షరం వెంటా ఒక గరగర వినిపించేది.

డీఎస్పీ, రెండు ఆంప్లిఫయర్లు ఉన్న ఈ రోజుల్లో పాసివ్ ఎందుకు?

లోతైన హారన్ ఉంటే, గట్టిగా మోగించే హాలు అయితే డీఎస్పీ (ఆంప్లిఫయర్ల ముందే శబ్దాన్ని డిజిటల్‌గా విడదీసే పరికరం) వాడమనే నేనూ చెబుతాను, ఆలస్యాన్ని సరిదిద్దడంలో దానికి సాటి లేదు. అప్పుడు కూడా యూనిట్ ముందు ఒక భద్రతా కండెన్సర్ ఉంచండి, ఆంప్లిఫయర్ ఆన్ చేసినప్పటి ఠప్పుమనే దెబ్బ నేరుగా డయాఫ్రమ్‌కు తగలకూడదు. ఇంట్లో ఇష్టపడి తెచ్చుకున్న ఒకే ఒక్క చిన్న ట్యూబ్ ఆంప్లిఫయర్ ఉంటే, లోతు తక్కువ హారన్ దొరికితే, పాసివ్ క్రాసోవర్ ఆ పనిని పూర్తిగా చేస్తుంది. ఇంకో మేలు కూడా ఉంది: 10 డెసిబెల్స్ ఎల్-ప్యాడ్ ఆంప్లిఫయర్ బుసను కూడా పది డెసిబెల్స్ అణచివేస్తుంది. 107 డెసిబెల్స్ యూనిట్‌ను ఆంప్లిఫయర్‌కు నేరుగా తగిలించినవారికి, రాత్రి పాట ఆగాక గదిలో మిగిలే ఆ సన్నని బుస ఎలా ఉంటుందో తెలుసు.